రోహిణి కార్తెకు ముందు ఆయిల్ కూలర్: బిగించేముందు చూసుకోవాల్సినవి

దాళ్వా మాసూళ్లు అయిన దగ్గర్నుంచి రోహిణి కార్తె దాకా మన గోదావరి జిల్లాల్లో కార్ల షెడ్లకు ఊపిరాడదు. ఏసీ గ్యాస్, రేడియేటర్ క్లీనింగ్ ఎప్పుడూ ఉండేవే. ఈమధ్య టర్బో కార్లున్న కుర్రాళ్లు ఆయిల్ కూలర్ కూడా, అంటే ఇంజిన్ ఆయిల్‌ని గాలితో చల్లబరిచే చిన్న రేడియేటర్ లాంటిది, అడుగుతున్నారు. ఎండ 40 దాటుతోంది, బండి చూస్తే స్పోర్ట్స్ కారు, పెట్టించేస్తే ఓ పనైపోతుంది కదా అని. పెట్టించొచ్చు, తప్పేం లేదు. కాకపోతే కూలర్ అంటే ప్రెషర్‌తో ఆయిల్ పారే దారికి కనీసం నాలుగు కొత్త అతుకులు వెయ్యడం. వాటిలో ఒక్కటి ఊడినా కాసేపట్లోనే ఆయిలంతా రోడ్డు మీద ఉంటుంది, ఇంజిన్ సీజవుతుంది. కాబట్టి ముందు అవసరం ఉందో లేదో తేల్చుకోండి.

డ్యాష్‌బోర్డు మీద కూలెంట్ ముల్లు మధ్యలో ఉంది కదా అని ఆయిల్ కూడా బాగానే ఉందనుకోకూడదు. చాలా కార్లలో ఆ ముల్లు కొంత తేడా వచ్చినా మధ్యలోంచి కదలకుండా ఉండేలానే పెడతారు. ఆయిల్ వేడి విడిగా చూడాలి. కొన్ని కార్లలో మీటర్లోనే కనిపిస్తుంది, కొన్నిటికి బండి కంప్యూటర్‌ని చదివే ఓబీడీ స్కానర్ పెట్టాలి, రెండూ లేకపోతే సెన్సర్‌తో గేజ్ వేయించుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని రావులపాలెం నుంచి తణుకు మీదుగా హైవేలో ఒకసారి, భీమవరం ఊళ్లో ట్రాఫిక్‌లో ఒకసారి తిప్పి చూడండి. 90 నుంచి 110 డిగ్రీల మధ్య ఉంటే ఇంజిన్ సుఖంగా ఉన్నట్టే. గట్టిగా తొక్కినప్పుడు 120 తాకి మళ్లీ దిగినా మంచి సింథటిక్ ఆయిల్ తట్టుకుంటుంది. 130 దాటి అక్కడే నిలబడుతుంటే మాత్రం కూలర్ మాట ఆలోచించాలి.

నిజం చెప్పాలంటే ఏటిగట్టు రోడ్ల మీద, లాకుల దగ్గర మలుపుల్లో తిరిగే బండికి ఆ వేడి రాదు. పవర్ పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించి రీమ్యాప్ చేయించినవాళ్లకి, శ్రీపెరుంబుదూర్ దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి బండి పట్టుకెళ్లేవాళ్లకి వస్తుంది. మామూలు వాడకంలోనే 130 చూపిస్తుంటే జబ్బు వేరే చోట ఉందన్నమాట. ఆయిల్ పాతదై ఉండొచ్చు, లెవెల్ తగ్గి ఉండొచ్చు. ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులో ఊక, గడ్డిపరకలు మెత్తలా పేరుకుని ఉండొచ్చు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసే రోజుల్లో తిరిగిన ప్రతి బండిదీ ఇదే కథ. పైగా చాలా టర్బో ఇంజిన్లకి కంపెనీయే ఆయిల్ ఫిల్టర్ దగ్గర చిన్న కూలర్ ఇస్తుంది. అది కూలెంట్‌తోనే ఆయిల్‌ని చల్లబరుస్తుంది కాబట్టి రేడియేటర్ శుభ్రంగా ఉంటే ఆయిల్ వేడీ దిగుతుంది. ముందు ఈ పని చేయించి మళ్లీ కొలవండి.

అప్పటికీ దిగకపోతే కొనాల్సిందే. పెద్దది కొంటే మంచిదనుకునేవాళ్లే ఎక్కువ. రోడ్డు మీదా తిరిగి, అప్పుడప్పుడూ ట్రాక్‌కీ వెళ్లే బండికి ఆయిల్ పారే గొట్టాలు 13 వరసలున్నదో, 16 వరసలున్నదో చాలావరకు సరిపోతుంది. మరీ పెద్దది పెట్టి, ఆయిల్ వేడెక్కేదాకా కూలర్ దారి చాలావరకు మూసి ఉంచే థర్మోస్టాట్ పెట్టకుండా వదిలేస్తే వానాకాలంలో ఆయిల్ వేడెక్కదు. వేడెక్కని ఆయిల్‌లో చెమ్మ, పెట్రోలు ఆవిరి కాకుండా ఉండిపోతాయి. ఆయిల్ మూత తీస్తే లోపల తెల్లగా మీగడలా కనిపించేది ఆ చెమ్మ ఆయిల్‌తో కలిసిందే. కాబట్టి ఇంజిన్‌కీ ఆయిల్ ఫిల్టర్‌కీ మధ్య కూర్చుని ఆయిల్‌ని కూలర్‌కి పంపే శాండ్‌విచ్ ప్లేటు థర్మోస్టాట్ ఉన్నదే తీసుకోండి. సుమారు 80 డిగ్రీలు దాటాకే అది కూలర్ వైపు దారి పూర్తిగా వదులుతుంది.

ప్లేటు కొనేముందు ఫిల్టర్ మర కొలత చూసుకోండి. 20 ఎంఎం మర వేరు, ముప్పావు అంగుళం మర వేరు. దగ్గరదగ్గరగా ఉన్నాయని బలవంతంగా తిప్పితే మర పోతుంది. డబ్బాలో కాగితం ఫిల్టర్ ఉండే ఇంజిన్లకి మామూలు ప్లేటు ఎక్కదు, దాని అడాప్టర్ వేరే. ప్లేటు వేస్తే ఫిల్టర్ అంగుళం దాకా కిందికి దిగొచ్చు. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే, బండి ర్యాంప్ మీద ఉండగానే కింద ఎంత ఖాళీ మిగిలిందో చూడండి.

సెకండ్ హ్యాండ్ కూలర్ ఊరికే ఇచ్చినా వద్దు. అది సీజైన ఇంజిన్‌ది అయితే లోపలి సందుల్లో ఇరుక్కున్న లోహపు రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు. హోస్ దగ్గర కూడా కక్కుర్తి పడొద్దు. చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ప్రెషర్ 5 బార్లు దాటొచ్చు. రేడియేటర్ పైపుకీ క్లిప్పుకీ అది ఆగదు.

ఎక్కడ బిగించాలన్నది అసలు పేచీ. కండెన్సర్ ముందు పెడితే ఏసీకి వెళ్లే గాలి వేడెక్కుతుంది, వెనక పెడితే కూలర్‌కే వేడి గాలి తగులుతుంది. బంపర్ పక్కన, చక్రం ముందు ఖాళీ ఉంటే అదే మేలు. గాలి లోపలికి రావడానికి దారి, బయటికి పోవడానికి దారి రెండూ ఉండాలి. పోయే దారి మర్చిపోతే కూలర్ ఉన్నా లేనట్టే. ముందు చిన్న కన్నాల జాలీ వేయించండి. ఊక పొడిని అది ఆపదు గానీ గడ్డినీ రాళ్లనీ ఆపుతుంది. ఆయిల్ మూతులు పైకి ఉండాలి, కుదరకపోతే పక్కకి. కిందికి పెడితే లోపల గాలి ఇరుక్కుంటుంది. కూలర్‌ని బాడీకి నేరుగా బిగించకుండా రబ్బరు బుష్‌ల మీద కూర్చోబెట్టాలి.

ఇక అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది హోస్ రాపిడికి. స్టీలు అల్లిక ఉన్న హోస్ గట్టిది కదా అని మెకానిక్ ఎక్కడో ఒకచోట ఆనించి వదిలేస్తాడు. ఆ అల్లిక ఆకురాయిలా పనిచేస్తుంది, ఆనిన అల్యూమినియాన్నీ కోస్తుంది, తనూ తెగుతుంది. "ఏం కాదండీ" అంటే ఒప్పుకోకండి. ఆనేచోట రబ్బరు తొడుగు, దగ్గరదగ్గరగా క్లాంపులు, ఎగ్జాస్ట్‌కి దూరం. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పించి, టైరు హోస్‌కి తగలట్లేదని కళ్లారా చూడండి. హోస్‌ని కూలర్‌కి కలిపే నట్లు (యూనియన్లు) బిగించేటప్పుడు కూలర్ వైపు ఒక స్పానర్‌తో పట్టుకుని రెండోదాంతో తిప్పాలి, లేకపోతే కూలర్ మూతి మెలిపడి చీలుతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు కూలర్లో, హోస్‌లలో శుభ్రమైన ఆయిల్ నింపండి. తర్వాత ఇంధనం ఆపి, బ్యాటరీకి మధ్యమధ్యలో తెరిపిస్తూ ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. స్టార్ట్ చేసి ఆయిల్ బాగా వేడెక్కాక ఆపండి, అతుకులన్నీ చేత్తో తడిమి చూడండి, డిప్‌స్టిక్ మళ్లీ చూసి నింపండి. కూలర్ సైజును బట్టి అర లీటరో, లీటరో అదనంగా పడుతుంది.

అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలికీ, చేపల లారీల నుంచి కారే నీళ్లకీ అల్యూమినియం రెక్కలు త్వరగా తెల్లబారతాయి. మామూలు పైపు నీళ్లతో కడగండి, వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టనివ్వకండి, రెక్కలు వంగిపోతాయి. కంపెనీ వారంటీ, ఇన్సూరెన్స్ ఏమంటాయో పని మొదలుపెట్టకముందే అడగండి.

దారిలో ఆయిల్ లైటు వెలిగితే బండి పక్కకి తీసి వెంటనే ఇంజిన్ ఆపండి, చించినాడ వంతెన మీదైనా సరే. హజార్డ్ లైట్లు వేసి టోయింగ్‌కి ఫోన్ చెయ్యండి.