చివరికి రెండు ఆప్షన్లు మిగిలినప్పుడు

రీడింగ్ కాంప్రహెన్షన్‌లో నాలుగు ఆప్షన్లలో రెండు తేలిగ్గానే ఎగిరిపోతాయి. చిక్కంతా మిగిలిన రెండింటితోనే. అక్కడ నా పొరపాటు, ఏది ఎక్కువ బాగుందో చూడటం. వెతకాల్సింది తప్పుని. ఒక్క మాట చెడినా ఆ ఆప్షన్ మొత్తం పోయినట్టే.

పాసేజ్‌లో "కొన్ని పక్షులు వలసలో నక్షత్రాలను ఆనవాలుగా వాడతాయి" అని ఉందనుకోండి.

ఎ) వలస పక్షులు నక్షత్రాల ఆనవాళ్ల మీదే ఆధారపడతాయి.
బి) రాత్రి ఆకాశం చూసి దారి పట్టే పక్షులూ ఉన్నాయి.

ఎ లో పాసేజ్ మాటలే ఉన్నాయి కాబట్టి కన్ను అటే లాగుతుంది. కానీ "కొన్ని" మాయమైంది, "మీదే" అన్న నొక్కు కొత్తగా చేరింది. జవాబు బి.

ఇప్పుడు ఆప్షన్లు చదవకముందే జవాబు సొంత మాటల్లో అనుకుంటాను. తర్వాత రెండింట్లో తేడా ఉన్న మాటల కిందే గీత. ఆ మాటకు ఆధారమైన వాక్యాన్ని పాసేజ్‌లో వేలుపెట్టి చూపించగలగాలి. "అన్నీ", "ఎప్పుడూ" కనబడగానే కొట్టేయమనే చిట్కాను మాత్రం నమ్మకండి, పాసేజే అలా అంటే అదే జవాబు.

ముఖ్యోద్దేశం అడిగితే మరో ఉచ్చు: నిజమే, కానీ ఒక్క పేరాకే సరిపోయే ఆప్షన్.