మీ ఆర్కిటెక్ట్ రిజిస్టరైనవారేనా? చూసుకోవడం ఎలా?

ఒంగోల్లోనో కావలిలోనో ఇల్లు కట్టాలనుకునేవాళ్లు బోర్డు మీద ‘ఆర్కిటెక్ట్’ అని కనబడగానే అడ్వాన్స్ ఇచ్చేస్తున్నారు. అలా ఇవ్వకండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం, కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లే ఆ మాట పెట్టుకోవాలి. ఐదేళ్ల బీఆర్క్ చదివి పట్టా తెచ్చుకున్నా, రిజిస్టర్ కాకపోతే కుదరదు.

కావలసినవి ఒక ఫోను, ఒక కాగితం. మొదటి రోజే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, వాళ్ల చేత్తోనే రాయించుకోండి. వాట్సాప్‌లో పంపే సర్టిఫికెట్ ఫోటోను లెక్కలోకి తీసుకోకూడదు. ఆ నంబరులో ముందు ‘సీఏ’ అక్షరాలు, తర్వాత రిజిస్టరైన సంవత్సరం, ఆపైన అంకెలు ఉంటాయి. దాన్ని కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకండి.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. నంబరు చేతిలో ఉన్నా పేరుతో వెతుకుతారు. మన వైపు పెంచలయ్యలు, మాలకొండయ్యలు, మస్తానయ్యలు ఎంతమంది! బోర్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, రిజిస్టర్‌లో అదే పూర్తిగా, ఒక్కోసారి చివర్లో ఉంటుంది. అసలు మనిషి దొరకరు, ఇంకో పెంచలయ్య కనబడితే ఈయనేలే అనుకుంటారు. అందుకే నంబరుతోనే వెతకాలి. వచ్చిన పేరును ఆధార్‌తో సరిచూడండి. అడగడానికి మొహమాటం వద్దు, కట్టేది మీ ఇల్లు.

అంతటితో ఆగకండి, గడువు కూడా చూడండి. రెన్యువల్ ఫీజు కట్టకపోతే రిజిస్టర్ నుంచి పేరు తీసేస్తారు. గోడకున్న ఫ్రేములో ఆ సంగతి తెలియదు. మరొకటి, నంబరు ఒకరిది, ప్లాన్ గీసేది ఇంకొకరు కావచ్చు. నంబరున్న మనిషితో నేరుగా మాట్లాడందే సంతకం పెట్టకండి.

‘మునిసిపాలిటీలో ఎల్‌టీపీ లైసెన్స్ ఉందండీ’ అంటే సరిపోదు. ఎల్‌టీపీ అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, ఆ లైసెన్స్ ఇంజినీర్లకూ ఇస్తారు. పక్కింటివాళ్లను అడిగి తెలుసుకోవడం ఇంకా దండగ, వాళ్లూ బోర్డు చూసి నమ్మినవాళ్లే.

ఇంజినీరు ప్లాన్ గీయడం నేరమని మాత్రం అనుకోవద్దు. ఆర్కిటెక్ట్స్ చట్టంలోని సెక్షన్ 37 ఆపేది ‘ఆర్కిటెక్ట్’ అనే పేరు వాడుకోవడాన్నే గాని పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచి సివిల్ ఇంజినీరు దొరికితే నిశ్చింతగా పని అప్పగించండి. ఒప్పందంలో ఇంజినీరు అనే రాయించి, ఫీజు ఆ లెక్కన మాట్లాడుకోండి. రిజిస్టర్ కాకుండా ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టినవాళ్ల మీద కౌన్సిల్‌కు ఫిర్యాదు రాయండి, బోర్డు ఫోటో జత చేయండి.