మీ అసెంబ్లీ సీటు ఎన్నికల చరిత్ర రాయాలంటే: సిద్దిపేట లెక్క

ఎన్నికలు దగ్గర పడితే చాలు, కొత్తగా చేరిన విలేకరి పిల్లలు ఫోన్ చేస్తారు: "అన్నా, సిద్దిపేటల ఇప్పటిదాంక గెలిచినోళ్ల లిస్టు ఉందా?" లిస్టు ఎక్కడైనా దొరుకుతుంది. అది చదివితే ఊళ్లో ఏం జరిగిందో మాత్రం తెలియదు. ఇన్నేళ్లు విలేకరిగా నేను పట్టుకున్న పద్ధతి చెప్తా. మీ సీటు ఏదైనా దారి ఇదే.

ముందు ఒక కాగితం మీద సంవత్సరాలు నిలువుగా రాసుకోండి. మొదటి చిక్కు ఇక్కడే. తెలంగాణ సీట్లకు లెక్క 1952 నాటి హైదరాబాద్ రాష్ట్ర అసెంబ్లీతో మొదలవుతుంది. 1957లో మళ్లీ ఎన్నికలు జరిగింది తెలంగాణలోనే. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్లే 1962 దాకా కొనసాగారు. మీది గుంటూరో కర్నూలో అయితే 1957 సాధారణ ఎన్నిక కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, లేదు. ఇక 1952 ఎదురుగా పార్టీ "పీడీఎఫ్" అని కనిపిస్తే కమ్యూనిస్టులని అర్థం. హైదరాబాద్ రాష్ట్రంలో వాళ్ల పార్టీ మీద నిషేధం ఉండటంతో పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. సిద్దిపేటలో గురువారెడ్డి గెలిచింది ఆ పేరు మీదే.

తర్వాత ఉప ఎన్నికలు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఏ ఏడాదికి ఆ ఏడాది గణాంకాల నివేదిక ఉంటుంది గానీ, అది సాధారణ ఎన్నికలది. ఉప ఎన్నికల ఫలితాలు వేరే పట్టుకోవాలి. చాలామంది ఇక్కడ బద్ధకిస్తారు. సిద్దిపేటకు ఆ బద్ధకం పనికిరాదు. 1970, 2001, 2004, 2008, 2010... ఐదుసార్లు ఉప ఎన్నిక వచ్చిన సీటు ఇది. 1970 తీసేస్తే, 1969 తెలంగాణ ఉద్యమం వేడి తగ్గకముందే తెలంగాణ ప్రజా సమితి నేత అనంతుల మదన్‌మోహన్ గెలిచిన సంగతి ఎగిరిపోతుంది. 2001 తీసేస్తే ఇంకా అన్యాయం. 1999 ఎదురుగా కేసీఆర్, తెదేపా అని ఉంటుంది, 2004 ఎదురుగా కేసీఆర్, తెరాస అని. మధ్యలో డిప్యూటీ స్పీకర్ పదవి, పార్టీ, ఎమ్మెల్యేగిరీ మూడూ వదిలేసి, కొత్త పార్టీ పెట్టి, అదే జనం ముందుకొచ్చి 58 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచిన ఎన్నిక కనిపించదు. మా సీటు కథలో అసలు ఘట్టం అదే అని నా అభిప్రాయం. 2004కు రెండు వరుసలు వదలండి. ఎండాకాలంలో కేసీఆర్ అసెంబ్లీకీ, కరీంనగర్ లోక్‌సభకూ గెలిచి ఇక్కడ రాజీనామా చేశారు. అప్పటికే మంత్రి అయి ఎమ్మెల్యే కావలసి ఉన్న హరీశ్‌రావు అదే ఏడాది ఉప ఎన్నికలో గెలిచారు.

హద్దుల సంగతి తొందరగా చెప్తా. నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు తెరిచి మీ సీటులో ఏ మండలాలున్నాయో పాత, కొత్త రెండూ రాసుకోండి. 2008 ఉత్తర్వుతో 2009 ఎన్నికల నాటికి మా పక్కన దొమ్మాట సీటు పోయి దుబ్బాక సీటు వచ్చింది. అదే దెబ్బకు సిద్దిపేట లోక్‌సభ స్థానం కూడా పోయింది. అందుకే పాత పేపర్లలో "సిద్దిపేటలో సర్వే సత్యనారాయణ విజయం" అని కనబడితే ఎమ్మెల్యే పట్టీలో ఎక్కించకండి, అది 2004 పార్లమెంటు ఫలితం. నంబర్లతోనూ జాగ్రత్త: రాష్ట్రం విడిపోయాక తెలంగాణ సీట్ల నంబర్లు అలాగే ఉన్నాయి, సిద్దిపేట అప్పుడూ ఇప్పుడూ 33. ఆంధ్రలో మాత్రం 120గా ఉన్న ఇచ్ఛాపురం ఒకటో నంబరైంది.

ఆధిక్యం అంకె ఒక్కటే రాసి వదిలేయొద్దు. 1983లో మదన్‌మోహన్ చేతిలో కేసీఆర్ ఓడింది 877 ఓట్లతో. 2018లో హరీశ్‌రావు ఆధిక్యం 1,18,699, 2023లో 82,308. మొత్తం ఓటర్లెందరు, పోలైనవెన్ని అన్నది పక్కన లేకపోతే ఈ మూడింటినీ పోల్చలేం. బ్యాలెట్ కాలపు ఎన్నికలకు చెల్లని ఓట్ల గడి కూడా గీయండి. 877 లాంటి తేడా దగ్గర ముందు చూడాల్సింది ఆ గడినే. ఈవీఎంలు వచ్చాక ఆ బాధ లేదనుకోకండి. 2010 జులై ఉప ఎన్నికల్లో తెలంగాణలో కొన్నిచోట్ల 64 మందికి మించి అభ్యర్థులు దిగడంతో యంత్రాలు పక్కకు పోయి బ్యాలెట్ పేపర్లు వచ్చాయి.

ఇటీవలి ఎన్నికలకు ఫారం 20, అంటే కేంద్రాల వారీ ఓట్ల పట్టిక, దొరికితే పండగే. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పెడతారు. ఒక్కో వరుస ఒక్కో పోలింగ్ కేంద్రం, అడ్డంగా అభ్యర్థులు, ఆ తర్వాత నోటా, చివర్లో పోస్టల్ ఓట్లు. స్కాన్ వంకరగా ఉంటుంది, అంకెలు 3నో 8నో తేలవు. అడ్డం కూడి మొత్తంతో సరిచూస్తేనే తేలుతుంది. కేంద్రం నంబరు నమ్ముకుని ఒక ఎన్నికను మరో ఎన్నికతో పోల్చకండి. ఓటర్లు పెరిగితే కొత్త కేంద్రాలు పెడతారు, నంబర్లు జరుగుతాయి. ఊరి పేరు, బడి పేరు పట్టి చిన్నకోడూరు చిన్నకోడూరుతో, నంగునూరు నంగునూరుతో జత చేయండి.

ఆఖరున మనుషులు. పెద్దమనుషులు సంవత్సరం చెప్పరు, "మదన్‌మోహన్ గెలిచినేడు" అంటారు. ఆయన గెలిచింది 1970, 72, 78, 83. అప్పుడు "గుర్తేంది పెద్దయ్యా? రామారావు పార్టీ అప్పటికే పెట్టిండా?" అని అడిగితే ఏడాది తేలుతుంది. గెలిచినవాళ్ల ఇంటికంటే ముందు ఓడినవాళ్ల ఏజెంట్ల ఇళ్లకు వెళ్లండి. గెలిచినింట్లో దండల ఫొటోలే ఉంటాయి. ఓడినవాళ్లు ఏ బూత్‌లో ఎన్ని తగ్గాయో నోటుబుక్కులో రాసుకుని బీరువాలో దాచుకుంటారు. అడిగితే చూపిస్తారు, ఇంటికి మాత్రం ఇవ్వరు. అక్కడే కూర్చుని ఫోన్‌లో ఫొటో తీసుకోండి, అట్ట మీదున్న తేదీతో సహా.