నగరంలో ఆకుల రంగులు: ముందు చెట్టు, తర్వాత వారం, ఆ తర్వాతే చోటు

ఆకురాలు కాలంలో ఆకుల రంగులు చూడటానికి చాలామంది ముందు పార్కు ఎంచుకుంటారు. సెలవు దొరికిన రోజున వెళ్లి, సగం పచ్చగానో సగం బోడిగానో ఉన్న కొమ్మలు చూసి నిరాశపడతారు. పార్కు మీద కాకుండా చెట్టు మీద దృష్టి పెట్టండి. ఏ చెట్టో తెలిస్తే ఏ వారంలో వెళ్లాలో తెలుస్తుంది.

పగళ్లు కురచబడే కొద్దీ ఆకులో పత్రహరితం విరిగిపోతుంది. పసుపు రంగునిచ్చే కెరోటినాయిడ్లు ఆకులో ముందునుంచే ఉంటాయి, పచ్చదనం తొలగగానే బయటపడతాయి. ఎరుపు అలా కాదు. ఆకులో మిగిలిన చక్కెరతో చెట్టు ఆంథోసయనిన్ అనే వర్ణకాన్ని అప్పటికప్పుడు తయారుచేసుకోవాలి. అందుకే పసుపెక్కే చెట్ల ఆకులు ఏటా దాదాపు ఒకేలా పండుతాయి, ఎర్ర చెట్లు మాత్రం వాతావరణాన్ని బట్టి మారిపోతాయి. పగలు ఎండ కాసి, రాత్రి చలి గడ్డకట్టే స్థాయికి దిగకుండా ఉంటే ఎరుపు అదిరిపోతుంది. మబ్బులు, వెచ్చని రాత్రులు వరసగా ఉంటే వెలిసినట్టు కనిపిస్తుంది. తొందరగా నీరు గడ్డకట్టే చలి వస్తే ఆకులు గోధుమ రంగుకు తిరిగి రాలిపోతాయి. కాబట్టి మబ్బు పట్టిన ఏడాది ఎరుపెక్కే మేపుల్ కోసం తిరగకుండా పసుపెక్కే గింకో, బర్చ్ చెట్ల దగ్గరికి వెళ్లండి.

వరసలో ఆష్, బర్చ్, రెడ్ మేపుల్ ముందు పండుతాయి. తర్వాత షుగర్ మేపుల్, ఆపైన స్వీట్‌గమ్, గింకో, చివరికి ఓక్, బీచ్. ఉత్తరార్ధగోళంలో చల్లని నగరాల్లో ఇదంతా సెప్టెంబర్ చివర్లో మొదలవుతుంది. ఓ మోస్తరు చలి ఉండే నగరాల్లో నవంబర్ దాకా ఆగాలి. దక్షిణార్ధగోళంలో ఏప్రిల్, మే నెలలు చూసుకోవాలి.

చెట్టును గుర్తుపట్టడానికి ఆకు ఆకారం ఒక్కటే చాలదు. మేపుల్, స్వీట్‌గమ్ ఆకులు రెండూ నక్షత్రాల్లాగే ఉంటాయి. రెమ్మను చూడండి: ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటే మేపుల్, ఒకటి విడిచి ఒకటిగా ఉంటే స్వీట్‌గమ్. స్వీట్‌గమ్ కింద ముళ్ల బంతుల్లాంటి కాయలు కూడా రాలి ఉంటాయి. వీధుల్లో ఎక్కువగా నాటే నార్వే మేపుల్‌కి తొడిమ తుంచితే పాలు కారతాయి. దాని సాధారణ రకం పసుపుకే పండుతుంది, పైగా ఆకుల మీద తారు చుక్కల్లాంటి నల్ల మచ్చలు వస్తాయి. ఎరుపు కోసం దాని కింద ఎదురుచూడకండి. వేసవి చివర్లోనే గోధుమ రంగుకు తిరిగిన హార్స్ చెస్ట్‌నట్ కూడా చాలాసార్లు ఆకు తొలిచే పురుగు పనే, దాన్ని చూసి సీజన్ మొదలైందనుకోవద్దు.

ఇక చోటు. న్యూయార్క్, మెల్‌బోర్న్ వంటి నగరాలు వీధి చెట్లన్నింటినీ జాతి పేర్లతో ఆన్‌లైన్ మ్యాపులో పెట్టాయి. మీ నగరపాలక సంస్థకీ అలాంటిది ఉందేమో చూడండి. ఏసర్ (మేపుల్), లిక్విడాంబర్ (స్వీట్‌గమ్), గింకో అన్న శాస్త్రీయ పేర్లతో వెతికి, ఒకే జాతి పది ఇరవై చెట్లు వరసగా ఉన్న వీధిని పట్టుకోండి. పేరున్న పార్కుల కంటే ఇలాంటి వీధే ఎక్కువ తృప్తినిస్తుంది. మ్యాపు లేకపోతే పాత శ్మశానవాటికలు, పాత విశ్వవిద్యాలయ ప్రాంగణాలు, బొటానికల్ గార్డెన్లు చూడండి. అక్కడ చెట్లు పెద్దవి, నరికివేతలు తక్కువ. బొటానికల్ గార్డెన్లో పేరు పలకలు కూడా ఉంటాయి కాబట్టి చెట్లు నేర్చుకోవడానికి మొదట అక్కడికే వెళ్లడం మేలు.

నగరం నడిబొడ్డున కాంక్రీటు వేడి వల్ల అదే జాతి చెట్టు శివార్లలో కంటే ఆలస్యంగా పండుతుంది. చల్లగాలి కిందికి దిగే పల్లపు చోట్ల ముందే పండుతుంది. వీధి దీపానికి ఆనుకున్న కొమ్మలు మిగతావాటి కంటే ఎక్కువ రోజులు పచ్చగా ఉండిపోతాయి. శివార్లలో ఒక జాతిని చూడలేకపోతే, కొన్ని రోజులాగి అదే జాతిని నగరం మధ్యలో చూడొచ్చు.

గింకో సంగతి వేరే. ఆకులన్నీ దాదాపు ఒకేసారి రాలిపోతాయి. చెట్టంతా పసుపెక్కిందంటే మూడు నాలుగు రోజుల్లో వెళ్లి చూసేయాలి, వారాంతం దాకా ఆగితే మిగలకపోవచ్చు. రాత్రి నీరు గడ్డకట్టేంత చలి వేసిందా, మర్నాడు పొద్దున్నే చేరుకోండి. ఎండ తగలగానే గాలి లేకపోయినా ఆకులు ధారగా రాలతాయి, కొన్ని గంటల్లో చెట్టు ఖాళీ అయిపోతుంది. ఆడ చెట్టు కింద మాత్రం జాగ్రత్త. రాలిన విత్తనాల మెత్తని పొరలో బ్యుటిరిక్ ఆమ్లం ఉంటుంది, కుళ్లిన వెన్న వాసన చెప్పులకు అంటుకుని ఇంటిదాకా వస్తుంది. ఆ గుజ్జు కొందరికి చర్మం మీద దద్దుర్లు తెప్పిస్తుంది, ఒట్టి చేతులతో ఏరకండి.

వెళ్లేది పొద్దు పొడిచిన రెండు గంటల్లో గానీ, పొద్దు గూకే ముందు రెండు గంటల్లో గానీ పెట్టుకోండి. సూర్యుడు చెట్టు వెనక ఉండేలా నిలబడితే వెలుతురు ఆకుల్లోంచి వచ్చి రంగు రెట్టింపవుతుంది. వాన వెలిసిన మబ్బు రోజు కూడా బాగుంటుంది, కాకపోతే తడి ఆకులు పరిచిన రాతి మెట్లు, వాలు దారులు దారుణంగా జారతాయి. సైకిలు మీద వెళ్లేవాళ్లు మలుపుల్లో బ్రేకు వేయకుండా, ముందే వేగం తగ్గించాలి. ఫోన్‌తో ఫొటో తీస్తే వెలుతురు ఒక మెట్టు తగ్గించండి, లేకపోతే పసుపు తెల్లగా తేలిపోతుంది. కెమెరాకు పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తిప్పుతూ చూడండి, ఆకుల మీది మెరుపు తగ్గి అసలు రంగు తేలుతుంది.

అన్నీ అయిపోయాయనుకున్నాక కూడా రెండు చెట్లు మిగిలి ఉండొచ్చు: డాన్ రెడ్‌వుడ్, బాల్డ్ సైప్రస్. సాధారణంగా ఏడాదంతా పచ్చగా ఉండే శంకువృక్షాల జాతే అయినా ఇవి ఆకు రాలుస్తాయి, ఇటుక రంగుకు తిరుగుతాయి. పార్కు చెరువుల గట్ల మీద వీటిని ఎక్కువగా నాటుతారు. సన్నని ఆకులు రెమ్మ మీద ఎదురెదురుగా ఉంటే డాన్ రెడ్‌వుడ్, ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటే బాల్డ్ సైప్రస్. గాలి లేని రోజున, చెరువుకు ఎదుటి గట్టున నిలబడి చూడండి, నీళ్లలో పడే నీడ కూడా కలిసొస్తుంది.