కొమ్మకు వేలాడే తేనెటీగల గుంపును పెట్టెలోకి దింపడం ఎలా?

ఉగాదికి వారం ముందు మల్కాజిగిరి నుంచి ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, కానుగ చెట్టుకు తేనెటీగలు పట్టినయ్. కిరోసిన్ గుడ్డ కట్టి కాల్చేద్దామంటున్నరు. జల్ది రండి." వెళ్లేసరికి గేటు పక్కన జనం, బాల్కనీల నిండా ఫోన్లు. కొమ్మకు కొబ్బరి బోండాం అంత నల్లటి ముద్ద. అందరికీ టెన్షనే. నిజానికి తేనెటీగ అంత సాధువుగా ఉండే రోజు మళ్లీ దొరకదు.

పూత బాగా ఉన్న రోజుల్లో పట్టు కిక్కిరిసిపోతే పాత రాణి సగానికి పైగా కూలీ ఈగలను వెంటబెట్టుకుని బయటికొచ్చేస్తుంది. ఉన్న ఇల్లు పుట్టబోయే కొత్త రాణికి వదిలేస్తుంది. బయల్దేరే ముందు ఈగలు కడుపు నిండా తేనె తాగుతాయి. కాపాడుకోవడానికి పిల్లలు లేవు, తేనె నిల్వ లేదు, ఇక ఎవరి మీద కోపం? కొన్ని గంటలో, రెండు మూడు రోజులో అలా వేలాడతాయి. ఈలోగా కొన్ని ముసలి ఈగలు ఇల్లు వెతికి వచ్చి, ముద్ద మీదే నాట్యం చేస్తూ ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో చెబుతాయి. తేనెటీగల నాట్య భాషను చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. కాబట్టి మీరేమీ చేయకపోయినా ఆ గుంపు వెళ్లిపోతుంది. ఎవరికీ అడ్డం లేని చోట ఉంటే నేను కూడా ఆ మాటే చెప్పి వచ్చేస్తాను.

ముందు ఏ ఈగో చూడండి

హైదరాబాద్‌లో వాటర్ ట్యాంకుల కింద, ఎత్తైన బిల్డింగుల సజ్జల కింద చేటంత ఒకటే పట్టు వేలాడుతుంటే అవి కొండ తేనెటీగలు. పెద్ద ఈగలు. పెట్టెలో ఎన్నటికీ ఉండవు. కదిలిస్తే వందల్లో వెంటబడతాయి. వలస దారిలో చెట్టు మీద ఆగిన గుంపైనా సరే, రాయి వేయకుండా, పొగ పెట్టకుండా వదిలేయండి. తలుపు పక్కనే పట్టు పెడితే అది శిక్షణ ఉన్నవాళ్ల పని, మీదీ నాదీ కాదు.

గోరింటాకు పొదలోనో కంచెలోనో అరచేయంత పట్టు పెట్టే చిన్న ఈగలు కూడా పెట్టెలో నిలవవు.

పెట్టెకు పనికొచ్చేవి పుట్ట తేనెటీగలు. చెట్టు తొర్ర, గోడ కన్నం, వాడని మీటర్ డబ్బా లాంటి చీకటి చోట్ల ఒకదాని పక్కన ఒకటిగా పట్లు కడతాయి. కొండ ఈగతో పోలిస్తే సైజు సగం. గుంపులో పట్టు ఏమీ కనబడకుండా ఉత్త ఈగలే ముద్దగా ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి. పట్టు కనిపిస్తే అప్పటికే కాపురం పెట్టేశాయన్నమాట, దాని పద్ధతి వేరు.

సామాను

పుట్ట తేనెటీగల కోసం చేసిన చిన్న పెట్టె, ఫ్రేములు (ఈగలు పట్టు కట్టుకోవడానికి పెట్టెలో వేలాడదీసే చెక్క చట్రాలు). ఐరోపా ఈగల పెద్ద పెట్టె వీటికి నప్పదు. పాత పట్టు ఉన్న ఫ్రేము ఒక్కటి దొరికినా సగం పని అయినట్టే. లేకపోతే ఫ్రేములకు మైనం రుద్దండి. ముఖానికి జాలీ టోపీ, లేత రంగు ఫుల్ చేతుల చొక్కా, పంచదార నీళ్ల స్ప్రే, తెల్ల దుప్పటి, కొబ్బరి పీచుతో పొగ డబ్బా, పెట్టె గుమ్మానికి పెట్టే రాణి గేటు (కూలీ ఈగలు దూరి, రాణి దూరలేని అడ్డు). ఆ రోజు అత్తరు, సెంటు వద్దు.

దింపడం

సాయంత్రం నాలుగున్నర, ఐదు మధ్య మొదలుపెట్టండి. ముద్ద మీద పంచదార నీళ్లు పలచగా చల్లితే ఈగలు ఒకదాన్నొకటి నాకుతూ కూర్చుంటాయి, పెద్దగా లేవవు. చెట్టు కింద దుప్పటి పరిచి, మూత తీసి నాలుగు ఫ్రేములు పక్కన పెట్టిన పెట్టెను ముద్దకు ఆనుకునేలా ఎత్తి పట్టుకోండి. ఇంకొకరు కొమ్మను ఒక్కసారి, ఒకటే ఒక్కసారి గట్టిగా విదిలించాలి. మెల్లగా ఊపితే ఈగలకు చిరాకు, మీకు కాట్లు. ముద్ద తడిసిన గుడ్డలా ధబ్బున పడుతుంది. తీసిన ఫ్రేములు నెమ్మదిగా దించండి, ఈగలు నలగకూడదు. మూత కాస్త వారగా పెట్టి, పెట్టెను దుప్పటి మీద ఉంచండి.

కొమ్మ అందకపోతే నిచ్చెన మీద నిలబడి విదిలించే సాహసం నేను చేయను. వెదురు బుట్టను ముద్ద పైన బోర్లించి పట్టుకుని కింది నుంచి కొంచెం పొగ వదిలితే, ఈగలు చీకటి వైపు పాకుతూ బుట్టలోకి ఎక్కుతాయి. టైమ్ పడుతుంది, కానీ గొడవ ఉండదు. నిచ్చెనైనా ఎక్కలేని ఎత్తు అయితే వదిలేయడమే.

ఇక చూడాల్సింది పెట్టె గుమ్మం దగ్గర. కొన్ని ఈగలు తోక పైకెత్తి, తల కిందికి వంచి రెక్కలు ఆడిస్తుంటే రాణి లోపల ఉన్నట్టే. అవి వదిలే వాసన పట్టుకుని మిగతావన్నీ పెళ్లి ఊరేగింపులా దుప్పటి మీద నడుస్తూ లోపలికి వెళ్తాయి. నా మొదటి గుంపుకు ఈ సంగతి తెలియక, పడ్డాయి కదా అని చాయ్‌కి వెళ్లాను. పావుగంటలో తిరిగొస్తే పెట్టె ఖాళీ, అన్నీ మళ్లీ కొమ్మ మీదే. రాణి కొమ్మ సందులో ఉండిపోయింది!

కుడితే ముల్లును గోటితో వెంటనే గీకేయండి. అక్కడ అరటిపండు లాంటి వాసన వస్తుంది, మిగతా ఈగలకు అది పిలుపు. ఆ చోట కాస్త పొగ పట్టండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి అందకపోవడం ఉంటే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయాలి. అలర్జీ ఉందని ముందే తెలిసినవాళ్లు ఈ పనికి రానేకూడదు.

ఇంటికి తెచ్చాక

పొద్దుగూకి, ఈగలన్నీ లోపలికి చేరాకే గుమ్మానికి జాలీ కట్టి తీసుకెళ్లండి. కాపురం ఉన్న పట్టును దగ్గర్లోకే మారిస్తే మేతకెళ్లిన ఈగలు పాత చోటికే పోతాయి. గుంపుకు ఆ బెంగ లేదు, పాత ఇల్లు మరిచిపోయే వచ్చింది. పక్క వీధిలో పెట్టినా ఉంటుంది.

ఉంటుంది అన్నాను గానీ, పుట్ట తేనెటీగకు అలక ఎక్కువ. నచ్చకపోతే మూడో రోజు మధ్యాహ్నం నా కళ్ల ముందే లేచిపోయిన పెట్టె కూడా ఉంది. అందుకే నాలుగైదు రోజులు రాణి గేటు పెట్టండి. కూలీ ఈగలు దూరి తిరుగుతాయి, రాణి దూరలేదు. అంతకు మించి ఉంచొద్దు. ఒక్కోసారి గుంపు పాత రాణితో కాక కన్నె రాణితో వస్తుంది, అలాంటప్పుడు జత కట్టడానికి అది బయట ఎగరాలి.

రోజూ సాయంత్రం ఒక పాలు పంచదార, ఒక పాలు నీళ్లు కలిపి పెట్టె లోపలే పెట్టండి. బయట ఒలికితే చీమలు బారు కడతాయి. స్టాండు కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచాలి. మే నెలలో మన డాబాల మీద ఎండకు మైనం మెత్తబడి పట్టు జారిపోతుంది, కాబట్టి చెట్టు నీడే మేలు. తప్పదంటే మూత మీద తడి గోనెసంచి వేయండి.

వారం, పది రోజులకు ఫ్రేము ఒకటి పైకెత్తి, ఎండ మీ భుజం మీదుగా పడేలా పట్టుకుని చూడండి. పట్టులోని చిన్న గది అడుగున సన్నటి తెల్లదారం ముక్కలా నిలబడి ఉండేది గుడ్డు. గుడ్లు కనిపిస్తే పంచదార నీళ్లు తగ్గించి, ఫ్రేమును తీసినవైపే మళ్లీ పెట్టి మూసేయండి.