ఊరి ప్రధాన వీధి చరిత్రను రాయడం ఎలా?

ఒక ఊరి ప్రధాన వీధి కొన్ని దశాబ్దాలలో ఎలా మారిందో రాయదలచినవారు చాలామంది పాత ఫొటోలు పోగుచేయడంతో మొదలుపెడతారు. అంతకంటే ముందు ఒక పట్టిక గీసుకోవడం మేలని నా అభిప్రాయం. వీధికి రెండు వైపులా ఉన్న ప్రతి కట్టడానికీ ఒక అడ్డ వరుస, ప్రతి దశాబ్దానికీ ఒక నిలువు వరుస ఉండాలి. దుకాణాల పేర్లు మారుతూనే ఉంటాయి, తలుపు నంబర్లు కూడా మారవచ్చు. కాబట్టి ప్రతి స్థలానికీ మీరే ఒక స్థిరమైన గుర్తు పెట్టుకోండి.

ఆ తర్వాత వీధిలో నిలబడి తలెత్తి చూడండి. కింది అంతస్తు అద్దాలూ బోర్డులూ అద్దెకు వచ్చినవారితో పాటే మారిపోతాయి కానీ, పై అంతస్తు కిటికీలు, పిట్టగోడ అంచు, గోడపై చెక్కిన సంవత్సరం చాలాచోట్ల పాతవే మిగిలి ఉంటాయి. పక్కపక్కనున్న రెండు దుకాణాల పైన ఒకే తీరు కిటికీలు వరుసగా సాగుతుంటే, అవి ఒకప్పుడు ఒకే భవనమై ఉండవచ్చు. ఆ అనుమానాన్ని ఆస్తి పన్ను రికార్డులతోనో, దస్తావేజులతోనో సరిచూసుకున్నాకే పట్టికలోకి ఎక్కించాలి.

పాత పటాలు దొరికితే అదృష్టమే. అమెరికా పట్టణాలకైతే 1867లో మొదలైన శాన్‌బోర్న్ సంస్థ అగ్నిప్రమాద బీమా కోసం వేయించిన పటాలున్నాయి. వాటిలో ఇటుక కట్టడాలకు గులాబీ రంగు, చెక్కవాటికి పసుపు రంగు వేశారు. తర్వాతి మార్పులను చిన్న కాగితాలపై అచ్చువేసి పాత పటం మీదే అతికించేవారు గనుక, పటంపై ఉన్న సంవత్సరాన్ని చూసి అందులోనిదంతా ఆ ఏటిదే అనుకోకూడదు.

ఫొటోలనూ అంతే జాగ్రత్తగా చదవాలి. 1838 ప్రాంతంలో, ఫొటోగ్రఫీ ఆద్యులలో ఒకరైన డాగేర్ పారిస్‌లోని ఒక రద్దీ వీధిని తీసిన చిత్రంలో దారి దాదాపు నిర్మానుష్యంగా కనిపిస్తుంది. చిత్రం పడడానికి నిమిషాలు పట్టినందున కదిలేవన్నీ మాయమై, బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడిన మనిషి మాత్రమే స్పష్టంగా మిగిలాడు.

పాత ఫొటో తీసిన చోటు నుంచే మళ్లీ ఫొటో తీయాలంటే, అందులో దగ్గరి భవనం మూల, దాని వెనుక దూరాన ఉన్న మరో భవనం మూల ఒకే గీతపై కనిపించే జంటలను రెండింటిని ఎంచుకోండి. ఈనాడు ఆ రెండు జంటలూ ఒకేసారి కలిసి కనిపించే చోటే అప్పటి కెమెరా ఉన్న చోటు. ఇది జూమ్‌తో అయ్యే పని కాదు, నడిచి వెతకవలసిందే. వీధి దీపాల స్తంభాలను నమ్ముకోకండి, రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాటిని జరుపుతారు. ఇటీవలి కాలానికైతే వీధుల ఫొటోలు చూపే, 2007లో మొదలైన గూగుల్ స్ట్రీట్ వ్యూలో పాత ఏళ్ల చిత్రాలు కూడా కొన్నిచోట్ల దొరుకుతాయి.

పెద్దవారిని అడిగేటప్పుడు సంవత్సరాలు అడగకుండా, ఏ దుకాణం తర్వాత ఏది వచ్చిందో, దాని పక్కన ఏముండేదో అడగండి. వరుస గుర్తున్నంతగా తేదీలు గుర్తుండవు.

పట్టికలో ఒకే దశాబ్దంలో చాలా అడ్డ వరుసలు ఒక్కసారిగా మారినట్లు తేలితే, కారణాన్ని వీధి బయట కూడా వెతకాలి: బైపాస్ రోడ్డు పడిందా, బస్టాండు తరలిందా, ఊరి అంచున మాల్ వెలిసిందా? కొన్నిసార్లు కారణం వీధిలోనే ఉంటుంది. కోపెన్‌హేగెన్‌లోని స్ట్రోయెట్ వీధిలో 1962లో వాహనాలను ఆపి, దారిని నడిచేవారికి వదిలారు. మూతపడి ఖాళీగా ఉన్న దుకాణాల ఏళ్లను కూడా తప్పక నమోదు చేయండి. ఆ గడిని ఊరికే వదిలేస్తే, దుకాణం మూతపడిందో, మీకు వివరం దొరకలేదో చదివేవారికి తెలియదు.