చరిత్రకు వేషం కట్టే కళాకారులను సన్మానించాలనుకుంటే ఇలా చేయండి

రుద్రమదేవి వేషంలో కత్తి పట్టుకుని నిలబడిన అమ్మాయి ఫొటో పేపర్లో వస్తుంది, కింద "రుద్రమ వేషధారణలో విద్యార్థిని" అని రాస్తారు, పేరుండదు. చిందు భాగోతం అనే జానపద నాటకం ఫొటో అయితే "ఆకట్టుకున్న కళాకారుల ప్రదర్శన", అంతే. ఓరుగల్లు కోటలో రాళ్లకు బోర్డులున్నాయి గానీ, ఆ కథలను మన పిల్లల కళ్ల ముందు నడిపించే మనుషుల పేర్లు పక్క వీధివాళ్లకు కూడా తెలియవు. మీ ఊరి తరఫునో, బడి తరఫునో, యువజన సంఘం తరఫునో ఒక కళాకారుణ్ణి గౌరవించాలనుకుంటే ముందు పేరు, తర్వాత పారితోషికం, ఆ తర్వాత వాళ్ల విద్య ఏమిటో నలుగురికీ అర్థమయ్యేలా చెప్పడం, ఈ వరుసలో ఆలోచించండి. శాలువా చివర్లో కప్పొచ్చు.

మొదటి పని, ఎవరెవరున్నారో కనుక్కోవడం. జనగామ వైపు ఒగ్గు కథ చెప్పేవాళ్లు, చిందు మేళాలు, వరంగల్‌లో కాకతీయుల కాలం నాటి పేరిణి నాట్యం నేర్చుకుంటున్న పిల్లలు, చాకలి ఐలమ్మగా దొడ్డి కొమరయ్యగా ఏకపాత్రాభినయం చేసే టీచర్లు, అందరూ ఈ లెక్కలోకే వస్తారు. ముందు నిలబడి డైలాగ్ చెప్పే ఒక్కరితో ఆగకండి. మద్దెల వాయించేవాళ్లు, తాళం వేసేవాళ్లు, కిరీటాలూ భుజకీర్తులూ తయారుచేసి ముఖానికి రంగు వేసేవాళ్లు లేకపోతే ఆ వేషం లేదు. ఒక కళాకారుణ్ణి కలిస్తే "మీకు నేర్పిందెవరు, మీతో ఆడేవాళ్లెవరు" అని అడగండి, మిగతా పేర్లు వాటంతట అవే వస్తాయి.

కార్యక్రమానికి కనీసం వారం ముందే వాళ్లింటికి వెళ్లి మాట్లాడండి. అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డు చేయండి. పేరు ఎలా రాయాలో వాళ్లనే అడిగి రాసుకోండి, ఎందుకంటే ఆహ్వాన పత్రికలో పేరు తప్పుపడితే సన్మానం అక్కడే సగం చెడిపోతుంది. గురువెవరు, ఏ ఏ వేషాలు కట్టారు, చిందు వాళ్లయితే వాళ్లకు మిరాశీ, అంటే తరతరాలుగా ఆడే హక్కు, ఉన్న ఊళ్లేవి, ఇప్పుడు ఆడని కథలేవైనా ఉన్నాయా, ఇవన్నీ అడగండి. పెద్దవయసువాళ్ల దగ్గర ఈ మాటల కోసమైనా ఒక సాయంత్రం కూర్చోవాలి, ఆ కథలు చాలావరకు కాగితం మీద ఎక్కడా ఉండవు.

తేదీ ఆ పాత్రకు సంబంధించినదైతే బాగుంటుంది. ఐలమ్మ పాత్రధారికైతే సెప్టెంబర్ 10 వర్ధంతి గానీ 26 జయంతి గానీ, దొడ్డి కొమరయ్యకైతే ఆయన కడవెండిలో తుపాకీ గుండుకు బలైన జూలై 4, పరకాల కథ ఆడేవాళ్లకైతే 1947లో కాల్పులు జరిగిన సెప్టెంబర్ 2. కాకతీయుల వేషాలకు ఏప్రిల్ 18, ప్రపంచ వారసత్వ దినోత్సవం, సరిపోతుంది.

వేదిక దగ్గర జరిగే అన్యాయం గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. సాయంత్రం ఐదుకే రంగు వేయించి, బరువైన ఆభరణాలు కట్టించి, నాయకుల ప్రసంగాలన్నీ అయ్యాక రాత్రి తొమ్మిదింటికి "పది నిమిషాల్లో ముగించండి" అంటారు. దయచేసి ఇది చేయకండి. ప్రదర్శన ముందు పెట్టండి, ప్రసంగాలు తర్వాత. తలుపున్న ఒక గది, అద్దం, మంచినీళ్లు, వేళకు భోజనం ఏర్పాటు చేయండి, ఆడవాళ్లుంటే వేరే గది. డబ్బు సంగతి ముందే మాట్లాడుకుని, దారి ఖర్చులు విడిగా ఇచ్చి, కార్యక్రమం రోజే చేతికందించండి. "మీకు మంచి పేరొస్తుంది" అని చెప్పి ఊరికే ఆడించుకోవడం గుర్తింపు కిందికి రాదు.

ఇక సన్మానపత్రం. అన్నిటికంటే ఎక్కువ టైమ్ దీనికే పెట్టండి. "కళామతల్లి ముద్దుబిడ్డ, బహుముఖ ప్రజ్ఞాశాలి" అని ఎవరికైనా అతికే మాటలు వద్దు, ఆ మనిషికి తప్ప ఇంకెవరికీ సరిపోని వాక్యాలు కావాలి. ఉదాహరణకు, "తండ్రి దగ్గర మద్దెల నేర్చుకుని, ఆడవేషం మగవేషం రెండూ కట్టి, సారంగధర కథను రాత్రంతా ఆడగలిగినవారు, మన మండలంలో ఈ కథ ఇప్పుడు మీ మేళానికే తెలుసు" అని రాస్తే వినేవాళ్లకు ఆయన ఏం మోస్తున్నారో తెలుస్తుంది. పేరిణి కళాకారుడైతే, 13వ శతాబ్దంలో జాయప సేనాని నృత్తరత్నావళిలో వర్ణించిన ఈ నాట్యం మధ్యలో ఆగిపోయిందని, నటరాజ రామకృష్ణ గారు ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ దగ్గర పెట్టుకుని దాన్ని మళ్లీ నిలబెట్టారని రెండు వాక్యాలు చేర్చండి. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని అందరికీ తెలుసు, దాని గోడల మీది భంగిమను ఒంట్లోకి తెచ్చుకున్న కుర్రాడు తమ ఊళ్లోనే ఉన్నాడని మాత్రం తెలియదు.

పత్రంలో చరిత్రనూ కథనూ కలిపేయకండి. రుద్రమ 1262లో పాలనకు వచ్చిందని, 1289 నాటి చందుపట్ల శాసనం ఆమె మరణాన్ని చెబుతోందని రాయొచ్చు. నాటకంలో వచ్చే ప్రేమ సన్నివేశాలు, సంభాషణలు మాత్రం రచయిత కల్పన, వాటిని చరిత్రగా రాస్తే రేపు ఎవరో తప్పు పడతారు, మాట పడేది కళాకారిణి.

కార్యక్రమం అయిన రాత్రే విలేకరికి ఫొటోతో పాటు పూర్తి పేరు, ఊరు, వేషం, గురువు పేరు రాసి పంపండి, మీరు పంపకపోతే వాళ్లు "కళాకారులు" అనే వేస్తారు. ఫ్లెక్సీలో దాతల ఫొటోల కంటే కళాకారుల ఫొటో పెద్దగా ఉండాలి. వీడియో యూట్యూబ్‌లో పెడితే వాద్యకారులతో సహా అందరి పేర్లూ కింద రాయండి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో వాళ్లకే ఇవ్వండి. రికార్డింగులు ఎక్కువగా పోగైతే తెలుగు విశ్వవిద్యాలయం వాళ్ల జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది, వెళ్లి మాట్లాడండి.

పెద్ద అవార్డులు మనకెక్కడ అనుకోవద్దు. సమ్మక్క సారలమ్మ చరిత్రను డోలి అనే వాద్యం వాయిస్తూ పాడిన కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో, జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. పద్మ అవార్డులకు ఎవరు ఎవరినైనా కేంద్ర ప్రభుత్వ అవార్డుల వెబ్‌సైట్‌లో నామినేట్ చేయొచ్చు, అక్కడ 800 పదాలకు మించకుండా ఆ వ్యక్తి కృషి గురించి రాయాలి. గడువు ఏటా మారుతుంది కాబట్టి ముందే చూసుకోండి. మీరు రాసిన సన్మానపత్రం, పేపర్ కటింగులు, వీడియోలు అప్పుడు పనికొస్తాయి, అందుకే మొదటి రోజు నుంచే ఒక ఫైలులో పెట్టుకోమంటున్నాను. 60 ఏళ్లు దాటిన పేద కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలనెలా ఇచ్చే ఆర్థిక సాయానికి అప్లై చేసేటప్పుడు కూడా ఆ ఫైలే తీయండి. చదువురాని పెద్దవాళ్లకు ఆన్‌లైన్ ఫారం అంటే టెన్షన్, కాబట్టి మీ సంఘంలో ఒకరు ఆ పని పూర్తయ్యేదాకా వాళ్ల వెంట ఉండండి.